ఇంగ్లీషున జంట మాటలు



పరీక్షలకు కూర్చుండు పిల్లలు ఇంగ్లీషు మాటలను పట్టికలుగా వల్లె వేయుట మీరెరిగినదే. ఎంత వల్లించినను కొన్ని జంట మాటల కడ వారు తడబడుదురు. దీనికి బుద్ధిమాంద్యము కారణము గాదు.

మనకు అప్పు అను మాట యొక్కటే. ‘ఇచ్చు’, ‘పుచ్చుకొను’ అను క్రియలే భేదమును తెలుపును. ఇంగ్లీషునందు అప్పు పుచ్చుకొనుట ‘బారో’, ఇచ్చుట ‘లెండ్’. ఈ రెంటిని తారుమారు చేసిన బాలుడు ఋణస్థుని ఋణదాతగా మార్చివేయును. ప్రోనోట్లు వ్రాయించుకొన్న పెద్దలకు ఆ ప్రమాద మెట్టిదో నేను చెప్పనక్కరలేదు.

‘ప్రిన్సిపల్’ అని చెవికి ఒక్కటిగా వినబడు మాటలును రెండు గలవు. చివర ‘ఏ, ఎల్’ అను అక్షరములున్నచో ప్రధానుడనియు, వడ్డీకి మూలమైన అసలు అనియు అర్థము. ‘ఎల్, ఈ’ ఉన్నచో నియమమని యర్థము. ఇవి లాటిను భాషలోని యొకే మూలమున పుట్టిన తోబుట్టువులు; కావుననే పోలిక మెండు.

బడిలో ‘కల’, ‘కళ’ అను మాటలను నేర్పునప్పుడు నేను వానిని విడిగా వల్లింపజేయక, వాక్యములందు ప్రయోగింపజేసెడివాడను. అట్లు నేర్చినది మనసున నిలిచెడిది. ఇంగ్లీషునకును ఇదియే మార్గము.

మీ మనుమలచేత మాట కొక వాక్యము, అదియు ఇంటి సంగతిపై, వ్రాయించుడు. దాని భావమును తెలుగున చెప్పుమనుడు. పిదప, “అప్పు ఇచ్చినదెవరు? పుచ్చుకొన్నదెవరు?” అని యడుగుడు. ఇంగ్లీషు రాని తాతయు ఈ పరీక్ష చేయగలడు.