చెట్టున్న ఇంటివాళ్ళ మాట

  

అటవీ శాఖలో కొత్తగా చేరినప్పుడు ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచి వెళ్ళాను. తొలకరికి నత్తగుల్ల కొంగలు దిగి, పెరటి చెట్ల మీద గూళ్ళు కట్టి, పిల్లలు ఎగిరేదాకా అక్కడే ఉంటాయి. సైబీరియా పక్షులంటారు గానీ ఇవి మన ఉపఖండానివే. పొలాల్లో నత్తలే వాటి తిండి. ఓ ఇంటి చింతచెట్టు కింద నిలబడ్డాను. నేలంతా నత్తచిప్పలు, తెల్లటి రెట్ట, నీచువాసన. దండెం మీద బట్ట ఆరేసే వీల్లేదు. చెట్టు కొట్టించుకోకూడదా అని ఇంటావిణ్ణి అడిగాను. “ఏటి బావూ, పురిటికొచ్చిన పిల్లని ఎల్లిపొమ్మంతామా?” అంది.

1972 వన్యప్రాణి చట్టం పక్షిని కాపాడుతుంది. చెట్టు ఆవిడది, నష్టమూ ఆవిడదే. ఇన్నేళ్ళూ నా బెంగంతా ఆ నష్టం గురించే.

చిత్తడి నేలల సంగతీ ఇంతే. 2010లో సోంపేట బీల కోసం, 2011లో కాకరాపల్లి తంపర కోసం మనవాళ్ళు పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆ నేలను ముట్టుకోకుండా దాచమని వాళ్ళడగలేదు. వరి వేసుకుంటాం, చేపలు పట్టుకుంటాం, అలా ఉండనివ్వండి అన్నారు. ఆ తంపర పక్క ఊరు తేలినీలాపురంలోనే గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు గూళ్ళు కడతాయి.

కర్ణాటకలో కొక్కరె బెళ్ళూరు అనే ఊళ్ళోనూ ఇవే పక్షులు, ఇవే చింతచెట్లు. అక్కడ కాయ నష్టపోయిన వాళ్ళకు అటవీ శాఖ పరిహారమిస్తోంది. 2007లో ఆ చోటు కమ్యూనిటీ రిజర్వ్ అయింది. సొంత భూమిని ఇష్టపడి అలా అప్పగించే వీలు 2002 సవరణతో చట్టంలోకి వచ్చింది. భూమి మనదిగానే ఉంటుంది గానీ, వాడకం మార్చాలంటే కమిటీ తీర్మానం, ప్రభుత్వ అనుమతి కావాలి. మన రైతు దానికే జంకుతాడు. ఆ జంకులో న్యాయముంది. అందుకే ముందు డబ్బు సంగతి తేలాలంటాను.

ఇక ఈ రోజు పట్టాలందుకున్న మీరు! ఉద్యోగం రాగానే విశాఖలో ఫ్లాటు, ఊళ్ళో పెరడు బేరం. ‘ఆ కంపు చెట్టు కొట్టించెయ్యమ్మా’ అని ఫోన్లో పోరేది మీరు కాదూ? తిత్లీ తుపానుకు కూలిన ఉద్దానం కొబ్బరి మళ్ళీ కాపుకు రావడానికి ఎన్నేళ్ళు పడుతుందో మీ ఇళ్ళల్లో చూసినవాళ్ళే, గూడు నిలిచే చింతను ఒక్క పూటలో నరికిస్తారా?

ఊరెళ్ళగానే గూళ్ళున్న చెట్లు ఎన్ని, ఎవరివి, ఏటా ఎంత చింతపండు పోతోంది, రాసుకోండి. ఆ కాగితం గ్రామసభలో పెట్టి పరిహారం అడగండి. తీర్మానం రాయడం తెలియకపోతే నా దగ్గరకు రండి, కూర్చుని రాయిస్తాను.