విద్యార్థుల మనోభారమును గూర్చి
(వార్షిక మహాసభ రెండవనాటి యుపన్యాసము)



పరీక్షలలో శ్రేష్ఠస్థానములు సంపాదించిన బాలబాలికలకు మహాసభ మొదటినాడు శాలువలు గప్పి సత్కరించుట మన సంఘమునకు చిరకాలాచారము. ఆ వేడుక మాకును ప్రియమైనదే. కాని గత సంవత్సరము ఆ వేళ పందిటి వెలుపల, వేపచెట్టు క్రింద, ఒక యువకుడు ఒంటరిగా నిలిచియుండుట చూచితిమి. అంతకు మూడేండ్ల ముందు ఇదే వేదికపై సత్కారమొందినవాడు. లోనికి రమ్మని పిలిచితిమి. "నాలుగు సబ్జెక్టులు పోయినాయి సార్. మా నాయనకు ఇంగా చెప్పలేదు" అని, మఱి మాటలాడలేదు. అతని యనుమతి గొనియే ఈ సంగతి చెప్పుచున్నాము. ఊరుపేరులు అడుగవలదు.

మన జిల్లాలో ఉన్నతవిద్యకు స్థానములు లేవనుటకు వీలులేదు. 1916లోనే దత్తమండల కళాశాల వెలసినది. 1946లో గిండీయందు ప్రారంభమైన ఇంజనీరింగు కళాశాల 1948లో అనంతపురమునకు తరలివచ్చినది. 1981లో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయమును, 2018లో కేంద్రీయ విశ్వవిద్యాలయమును ఏర్పడినవి. బిడ్డను కళాశాలలో చేర్చువఱకు మనము పడు శ్రమ యంతయు మనకు దెలియును. చేరిన పిదప ఆ బిడ్డ మనస్సు ఎట్లున్నదో విచారించువారు అరుదు.

ఈ సీమలో ఆ విచారమునకు వేఱొక కారణము గలదు. పడమటి కనుమల యడ్డుచే నైరృతి మేఘము మనవఱకు చిక్కిపోయి వచ్చును. సముద్రము దూరమగుటచే ఈశాన్య మేఘమును తీరపుజిల్లాలకు తడిపినట్లు మనలను తడుపదు. సంవత్సరమునకు సుమారు 550 మిల్లీమీటర్ల వాన. అదియు అదనునకు పడునను నమ్మకము లేదు. ముంగారులో వేసిన వేరుశనగ (మన యిండ్లలో చెనక్కాయ యనినగాని తోచదు) ఊడ ఏమైనదో, కాయ ఎంత పట్టినదో తేలునది అక్టోబరు నవంబరు మాసములలో. సెమిస్టరు పరీక్షలును దాదాపు ఆ దినములలోనే వచ్చును. వసతిగృహములో పుస్తకము ముందు గూర్చున్న పిల్లవానికి ఆ రాత్రి ఇంటినుండి ఫోను వచ్చును: చేను ఎండినది, బోరు నిలిచినది, అప్పులవాడు వచ్చి పోయినాడు, "నువ్వు మాత్రం బాగా చదువుకో నాయనా" అని. తల్లి దానిని ధైర్యవచనముగానే పలికినది. వాని చెవికి అది పత్రముమీది బాకీవలె వినబడును. తాను తప్పినచో ఒక్క పరీక్ష తప్పినట్లు కాదు, చేను రెండవమారు ఎండినట్లు.

దీనికి తోడు భాష. పల్లెబడిలో తెలుగున లెక్కలు చక్కగా చేసిన బాలిక కళాశాలలో ఆంగ్లమున బోధింపబడు మొదటి పాఠము వినునప్పుడు, తనకు తెలివి లేదని యనుకొనును. తెలివి ఉన్నది, మాటలు రాలేదు. ఈ భేదమును ఆమెకు ఎవరైన మొదటి మాసములోనే చెప్పవలెను. ఆలస్యమైనకొలది ఆమె ప్రశ్నలడుగుట మానివేయును, తరువాత తరగతికి వచ్చుట మానివేయును.

భయము సర్వదా చెడ్డది కాదు. పరీక్షకు ముందు గుండె వేగముగా కొట్టుకొనుట శరీరము పనికి సిద్ధమగుటయే; కొంచెము కలత చదువునకు పదును పెట్టును. కాని ఆ స్థితి వారములు, మాసములు నిలిచినచో నిద్ర చెడును, ఆకలి తగ్గును, చదివినది నిలువదు. రాత్రంతయు మేలుకొని చదువుట మనము మెచ్చుకొను గుణము. చదివిన విషయము జ్ఞాపకమున కుదురుకొనుటకు నిద్రయే యవసరమని నేటి శాస్త్రజ్ఞులు స్థాపించిరి. కావున పరీక్షల దినములలో బిడ్డను పండుకొమ్మని చెప్పు తండ్రి సోమరితనము నేర్పుచున్నాడని యెంచవలదు. పెద్దపాఠమును చిన్నభాగములుగా జేసికొనుట, పుస్తకము మూసి తనకు తానే యప్పగించుకొనుట, సాయంకాలము అర్ధగంట నడచుట, ఒక స్నేహితునితోనైన దాచక మాటలాడుట: ఇవి చిన్నపనులే, డబ్బు ఖర్చు లేనివి.

ఇక మా దోషమును మేము చెప్పుకొనవలెను. మా బిడ్డ దూరమున చదువుకొన్న నాలుగేండ్లును ఫోనులో మేమడిగిన మొదటిప్రశ్న మార్కులను గూర్చియే. ఒకనాడు ఆ బిడ్డ, "నేనెట్లున్నానో ఒక్కసారైనా అడగకూడదా?" అని ఫోను పెట్టివేసెను. ఆ రాత్రి మాకు నిద్రపట్టలేదు. మఱునాడు బస్సెక్కి పోయితిమి. మేము పోగలిగితిమి, పోలేనివారు ఎందఱో.

జాతీయ నేరనమోదు సంస్థ లెక్కలనుబట్టి 2022లో మన దేశమున 13,044 మంది విద్యార్థులు తమ ప్రాణములు తామే తీసికొనిరి. విశాఖపట్టణమున వైద్యవిద్య ప్రవేశపరీక్షకు చదువుచు 2023లో మరణించిన ఒక బాలిక వ్యవహారమున సుప్రీముకోర్టు 2025 జూలై 25న తీర్పు చెప్పుచు, నూఱుగురు లేక అంతకు మించిన విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో శిక్షణ పొందిన మనోవైద్య సలహాదారు ఉండవలెననియు, పిల్లలను మార్కులనుబట్టి బ్యాచీలుగా విడదీయుట సాధ్యమైనంతవఱకు మానవలెననియు, సాయమునకు పిలువవలసిన ఫోనుసంఖ్యలను వసతిగృహములలో వ్రేలాడదీయవలెననియు ఆజ్ఞాపించినది. 2022 అక్టోబరున ప్రారంభమైన టెలీమానస్ వారి సంఖ్య 14416. రేయింబవళ్లు పలుకును, తెలుగున మాటలాడవచ్చును, రుసుము లేదు. బిడ్డ ఎవరితోను కలియక, తిండి మాని, "నేను మీకు బరువైతిని" అను మాట పలికినచో తటపటాయింపక సూటిగా నడుగుడు: "చచ్చిపోవాలని అనిపిస్తోందా?" అని. అట్లడిగినచో లేని తలంపు పుట్టునను భయము నిరాధారము. అడిగినవారికే చెప్పుకొందురు.

పోషకమహనీయులారా! కఠినమైన మాట చెప్పుచున్నందులకు మన్నింపుడు. ఒక్క పత్రము తప్పిన విద్యార్థికి వేతనము నిలుపవలెనను నిబంధన మన సంఘమునందు గలదు. సొమ్ము వృథా కారాదను సదుద్దేశముతోనే మన పెద్దలు దానిని వ్రాసిరి. చెట్టుక్రింద నిలిచిన ఆ యువకునికి ఫలితములు వెలువడిన వారములోనే మన యుత్తరము చేరినది. సంతకము చేసినవారిలో మేమును ఒకరము. ఆ యుత్తరమువలననే అతడు ఇంటికి పోవుట మానెను. నేడు అతడు నాలుగింట మూడు పత్రములు ముగించినాడు, మన సాయము లేకయే.

ఆ నిబంధనను తీసివేసి, తప్పిన పత్రములకు మఱల గట్టవలసిన పరీక్షరుసుమును సంఘనిధినుండి యిచ్చుటకును, వేతనము పొందువారిని మాసమునకొకసారి కలిసి మార్కుల ప్రసక్తి లేకుండ మాటలాడుటకు ప్రతి తాలూకానుండి ఇద్దఱిని నియమించుటకును తీర్మానము వ్రాసి తెచ్చితిమి. మొదటి సంవత్సరపు రుసుములకై మా వంతు సొమ్ము కోశాధికారివారికి ముట్టజెప్పితిమి. సాయంకాలపు విషయనిర్ణయసభలో దీనిని చర్చకు తీసికొనవలెనని ప్రార్థించుచు విరమించుచున్నాము.