జీపుకు ముందు ఇరుసు ఎట్లా ఉండవలె?

ఎడ్లబండి కొనేవాడు మొదట చూసేది ఇరుసును. రెండు చక్రాలను కలిపే ఆ ఒక్క కడ్డీ గట్టిదైతే బండి గట్టిదని మన పెద్దల నమ్మకం. మోటారు వాహనాలు వచ్చిన తరువాత కూడా మొరక దారిలో నడిచే వాహనాలకు చాలాకాలం ఈ సూత్రమే చెల్లినది. 1941లో అమెరికా సైన్యం కోసం తయారైన విల్లీస్ జీపుకు ముందూ వెనుకా ఒకే కడ్డీగా ఉండే గట్టి ఇరుసులే. వాటిమీద పొరలు పొరలుగా పేర్చిన కమాను పట్టీలు. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో మహీంద్రా సంస్థ మన దేశంలో కూర్చి అమ్మిన జీపులదీ ఇదే అమరిక. 1952లో సమాజ వికాస పథకం ఆరంభమైన పిమ్మట బ్లాకు అధికారులను పల్లెలకు చేర్చినది ఆ జీపే.

నేడు అటువంటి వాహనం కొనబోయే గృహస్థు అంగడిలో వినే మాటలు వేరు. డబుల్ విష్‌బోన్ అంటారు, మల్టీ లింక్ అంటారు, టార్షన్ బార్ అంటారు. లక్షల రూపాయలు పెట్టి కొనే వస్తువు గనుక, ఈ మాటల వెనుక ఉన్న విషయమేమిటో తెలుసుకొనడం మంచిది.

ముందు చక్రాలను గురించే ఇంత విచారణ ఎందుకని అడుగవచ్చును. ముందు చక్రాలు బరువు మోస్తవి, దారి తిప్పుతవి, నాలుగు చక్రాల వాహనంలో లాగుతవి కూడా. మూడు పనులూ ఒకచోట చేరినవి గనుక అక్కడి అమరిక మీదనే ప్రయాణం చాలావరకు ఆధారపడి ఉంటుంది.

ఇందులో ప్రశ్నలు రెండున్నవి. చాలామంది వాటిని కలిపివేస్తారు. మొదటిది: ముందు చక్రాలు రెండూ ఒకే ఇరుసుకు కట్టుబడి ఉండవలెనా, లేక దేనిది దానిగా కదలవలెనా? రెండవది: వాటిమీద స్ప్రింగు ఎటువంటిది? కమాను పట్టీ వేరు, ఇరుసు వేరు.

గట్టి ఇరుసు గుణం కావడి గుణం. ఒక కొన లేస్తే రెండవ కొన దిగుతుంది. మన పొలాలలోని ట్రాక్టరు ముందు భాగాన్ని గమనించండి. సాధారణంగా దాని ముందిరుసుకు స్ప్రింగే ఉండదు. నడుమ ఒక పిన్నుమీద అటూ ఇటూ ఊగుతుంది. ఒక చక్రం గట్టెక్కినా రెండవది నేలను విడువదు. జీపు ఇరుసూ ఇంచుమించు ఇట్లాగే పనిచేస్తుంది. గట్టెక్కిన చక్రం ఇరుసు రెండవ కొనను కిందికి తోస్తుంది. చక్రం నేలమీద ఉన్నంతసేపే లాగగలదు కదా. మరొక లాభమున్నది. చక్రాలకు బలం పంచే డిఫరెన్షియల్ పెట్టె ఇరుసులోనే ఉండడం వల్ల, బరువుకు బండి ఎంత కుంగినా ఆ పెట్టెకూ నేలకూ మధ్య ఎడం తగ్గదు.

అయితే ఒకే కాడికి కట్టిన ఎడ్లలో ఒకటి తూలితే రెండవదీ తూలుతుంది. ఒక చక్రం గుంతలో పడితే రెండవ చక్రం ఒరుగుతుంది, స్టీరింగు చేతిలో ఎగురుతుంది. అందువల్లనే అటువంటి దారిలో నడిపేవారు బొటనవేళ్లను స్టీరింగు చక్రం లోపలికి చుట్టక అంచుమీదనే ఉంచుకొంటారు. ఇరుసు బరువంతా చక్రాలతోపాటు ఎగిరిపడడం వల్ల వేగంలో కుదుపు ఎక్కువ.

రెండవ పద్ధతిలో చక్రం చక్రానికీ వేరువేరు చేతులు ఉంటవి. పైన ఒకటి, కింద ఒకటి ఉంటే అది డబుల్ విష్‌బోన్. ఒక చక్రం గుంతలో పడినా రెండవదానికి ఆ పోటు అంతగా తగలదు. తారు రోడ్డుమీద స్టీరింగు నిలకడగా ఉంటుంది, మలుపులో నమ్మకం కలుగుతుంది. లోపం ఏమంటే డిఫరెన్షియల్ పెట్టె ఇక్కడ చట్రానికి బిగించి ఉంటుంది. బరువుతో ముందుభాగం కుంగినప్పుడల్లా అదీ నేలకు దగ్గరవుతుంది. చక్రాలను తిప్పే కీళ్లమీది రబ్బరు తొడుగు చినిగితే బురద లోపలికి చేరి కీలు అరిగిపోతుంది.

ఇక స్ప్రింగుల సంగతి. కమాను పట్టీ బరువు మోస్తుంది, ఇరుసును దాని చోటున నిలుపుతుంది, పట్టీల రాపిడివల్ల ఊపును కొంత అణచుతుంది. ఒక పట్టీ విరిగితే ఆ ఒక్కటీ మార్చవచ్చును. చిన్న ఊరి మెకానిక్ చేయగల పని అది. చుట్ట స్ప్రింగు మెత్తనిది, ఎక్కువ దూరం కదులుతుంది. కాని అది బరువును మాత్రమే మోస్తుంది. గట్టి ఇరుసును పట్టి నిలపడానికి వేరే లింకులు, రబ్బరు బుష్‌లు కావలె. బుష్‌లు అరిగితే ముందుభాగం వణుకుతుంది. మెలిపడి బలం చూపే కడ్డీయే టార్షన్ బార్.

మన దేశపు వాహనాలలో ఈ కలయికలన్నీ ఉన్నవి. 1985లో వచ్చిన మారుతి జిప్సీకి గట్టి ఇరుసులు, కమాను పట్టీలు. 2023లో వచ్చిన జిమ్నీకి గట్టి ఇరుసులే, కాని చుట్ట స్ప్రింగులు. 2010 నాటి మహీంద్రా థార్‌కు ముందు టార్షన్ బార్‌తో విడివిడి చక్రాలు, వెనుక కమాను పట్టీలు. 2020 థార్‌కు ముందు డబుల్ విష్‌బోన్, వెనుక గట్టి ఇరుసుమీద చుట్ట స్ప్రింగులు. ఇంగ్లాండులో రేంజ్ రోవరు 1970లోనే గట్టి ఇరుసుకు చుట్ట స్ప్రింగు జతచేసినది. కనుక పాతది చెడ్డదనీ కొత్తది మంచిదనీ ఒక్క మాటలో తేల్చడానికి వీలులేదు.

హుజూరాబాదు ప్రాంతపు రైతు సంగతి చూడండి. కరీంనగర్ – వరంగల్ రోడ్డు తారు రోడ్డు. అది దిగితే నల్లరేగడి, కేజ్‌వీల్ ట్రాక్టర్లు కోసిన లోతైన చాళ్లు, కాకతీయ కాలువ కట్టలు. వానకాలపు రాత్రి బావి దగ్గర పాము కరచిన మనిషిని ఆసుపత్రికి చేర్చవలసి వచ్చినదనుకోండి. మొదటి మైలు బురద, తరువాతి పది మైళ్లు తారు. బురదలో దిగబడినా ప్రాణాపాయమే, తారుమీద వేగంలో పట్టు తప్పినా ప్రాణాపాయమే.

కాబట్టి కొనేవారు తమను తాము మూడు ప్రశ్నలు వేసుకొనవలె. వాహనం రోజులో ఎక్కువ భాగం ఎక్కడ తిరుగుతుంది? చెడితే దగ్గరి ఊళ్లో బాగుచేయగలరా? అందులో కూర్చునేవారు ఎవరు? పొలం, గుట్ట, అడవి బాటలే నిత్యమైతే గట్టి ఇరుసు మేలు. చుట్ట స్ప్రింగులతో ఉంటే మరింత సుఖం. బరువులే ముఖ్యమైతే కమాను పట్టీని కాదనవలసిన పని లేదు. నెలకు నాలుగుసార్లు పొలానికి, తక్కిన దినాలు పిల్లలతో పెద్దలతో పట్టణానికి పోయేవారికి విడివిడి చక్రాలే మేలు. గాలిలో తిరుగుతున్న చక్రానికి తానే బ్రేకు వేసి రెండవ చక్రానికి బలం పంపే ఏర్పాటు కూడా నేటి వాహనాలు కొన్నింటిలో ఉన్నది. ఉన్నదో లేదో అడిగి తెలుసుకోండి.

పాత వాహనం కొనేవారు ముందు చక్రాన్ని జాకీమీద లేపి పైనా కిందా పట్టి ఊపి చూడవలె. రబ్బరు తొడుగులను, బుష్‌లను, పట్టీలను దీపం వేసి పరీక్షించవలె. కొత్తది కొనేవారు అంగడి ముందున్న తారు రోడ్డుమీద ఒక చుట్టు తిరిగి తృప్తిపడవద్దు. వీలైతే వాన కురిసిన మరునాడు, ఇంటివారందరినీ కూర్చోబెట్టుకొని, మీ పొలం దారిలో ఒకసారి నడిపి చూడండి.