ఇంటివద్ద రోగి సేవ



మన సత్తుపల్లి ప్రాంతమున మంచము పట్టిన పెద్దలకు సేవ చేయని గృహిణి అరుదు. అయినను ఆ పనినే జీతమునకు చేయుమన్నచో అనుభవము లేదని వెనుదీయుచున్నాము.

2005లో ఆరంభమైన ఆశా పథకమున చేరిన పల్లె స్త్రీలకు వైద్యానుభవము అవసరము కాలేదు, శిక్షణ పొందిరి. ఆసుపత్రిలో కాన్పయి వచ్చిన తల్లి ఇంటికి 3, 7, 14, 21, 28, 42వ దినములలో వెళ్లి శిశువును చూచుట 2011లో వారి విధులలో చేరినది.

రోగి సేవయు అట్లే నేర్వదగినది. చేతులు సబ్బుతో కడుగుకొనుట, కదలలేనివారిని రెండు గంటలకొకసారి ప్రక్క మార్చి ఒంటికి పుండ్లు పడకుండ కాపాడుట, మందుల వేళలు వ్రాసియుంచుట మొదటి పాఠములు. మోతాదు మార్చుట మాత్రము వైద్యుని పని.

చేరుటకు ముందే పని వేళలు, వేతనము, వారపు సెలవు మాట్లాడుకొందము. సేవ పుణ్యమే, పుణ్యము పేర కూలి తగ్గించుట న్యాయము కాదు.