సాము విద్యలు – నేటి కంచెలోని పోరు



నేను తెల్లాపూరు వాడను. మా యూరు పూర్వము మెదకు జిల్లాలోనిది. 2016లో జిల్లాలు విడిపోయినప్పుడు సంగారెడ్డి జిల్లాలో చేరినది. 2018లో పురపాలక సంఘమైనది. నా చిన్నతనమున ఊరి చుట్టును వరిమళ్ళు, జొన్నచేలు, చెరువు, ఆవల రాళ్ళగుట్టలు ఉండెడివి. ఇప్పుడు చెరువుగట్టుపై నిలిచి ఏ దిక్కు చూచినను ఇరువది, ముప్పది అంతస్తుల మేడలే కానవచ్చును. ఈ మార్పులోని మంచిచెడ్డలు చెప్పుటకు నేను రాలేదు. నేను చెప్పదలచినది కఱ్ఱసామును గూర్చి, నా మనుమడు నేర్చుచున్న యొక క్రొత్త విద్యను గూర్చి, ఆ రెంటి నడుమ నాకు తెలిసివచ్చిన నా తప్పును గూర్చి.

నాకు పండ్రెండవ యేట నన్ను పీరీల చావడి వెనుకనున్న తాలీములో చేర్చిరి. తాలీమనగా నేమో మీలో చాలమంది యెఱుగుదురు. మన్ను తవ్వి, జల్లించి, నూనెయు, పసుపును, మజ్జిగయు కలిపి మెత్తజేసిన గోదా. గోడకు రెండు ముద్గరములు. మూలను వెదురుకఱ్ఱల కట్ట. మా ఉస్తాదు కల్లుగీత వృత్తివాడు. తెల్లవారకముందే చెట్లెక్కి దిగివచ్చి, మాచేత దండీలు, బస్కీలు తీయించెడివాడు. కఱ్ఱకు కొలత నుదుటి యెత్తు. వెదురును ఆముదములో నానవేసి, అటుకమీద పొయ్యిపొగకు నెలల తరబడి ఉంచిననే కాని దానిని కఱ్ఱ యనెడివాడు కాడు. మొదటి ఆఱు మాసములు కఱ్ఱ మా చేతికే యీయలేదు. అడుగులు మాత్రమే. కుడియడుగు, ఎడమయడుగు, వెనుకకు మరలుట. ఆ విసుగు నాకిప్పటికిని జ్ఞాపకమున్నది. ఆ యడుగులే ఈ వయస్సున నన్ను పడకుండ నిలుపుచున్నవి.

తాలీములో రెండు విద్యలుండెను: కుస్తీ, సాము. కుస్తీలో ప్రతి సాయంకాలమును ఒకరినొకరు నిజముగానే పడవేసికొనెడివారము. వెల్లకిల పడి రెండు భుజములు మట్టికానినవాడు చిత్తు. (ఎన్నికలలో ఓడినవానిని గూర్చియు పత్రికలు నేడు ఆ మాటయే వ్రాయుచున్నవి; గోదా యెఱుగనివారి నోటను గోదామాట!) చిత్తయినవాడు నేను చిత్తు కాలేదని వాదించుటకు వీలులేదు, వీపునకు మన్ను అంటియుండును. సాములో నట్లుకాదు. కొట్టువాడు ఎక్కడ కొట్టునో ఆపువాడు ముందే యెఱుగును. వాడు ఎట్లు ఆపునో కొట్టువాడును ఎఱుగును. దసరాకును, పీరీల పండుగకును ఊరేగింపులో మేము కఱ్ఱలు త్రిప్పుచుండగా జనము కేకలు వేసెడివారు. కత్తితో వచ్చినవానిని వట్టిచేతులతో మణికట్టు పట్టి, మెలిత్రిప్పి, కత్తి లాగుకొను పట్టు ఒకటి యుండెను. దానికే అన్నిటికంటె మిన్నగా కేకలు.

మా ఉస్తాదు కాలమున కఱ్ఱతో కొంత నిజమైన దెబ్బలాటయు జరిగెడిది. వ్రేళ్ళ కణుపులు చిట్లెడివి. ఆయన పోయి నేను ఉస్తాదునైన పిమ్మట ఆ కొంచెమును మానిపించితిని. పిల్లల తల్లిదండ్రులు తగవునకు వత్తురని నా భయము. ఊరేగింపునకు దానితో పనియు లేదు కదా యనుకొంటిని.

ఇరువదియైదేండ్ల క్రిందటి మాట. భూముల వెలలు పెరుగుచున్న దినములు. నా శిష్యులలో మిక్కిలి నేర్పరియైన పిల్లవానికి హద్దురాతి దగ్గఱ పాలివారితో తగవు వచ్చినది. ఎదుటివాడు కత్తి తీసెను. పరుగెత్తుటకు చోటు కలదు. చేను విశాలముగా నున్నది. కాని వీడు పరుగెత్తలేదు. నేను నేర్పిన పట్టు వానికి కలదు గదా! కత్తి అరచేతిలోనుండి పోయినది. కుడిచేతి రెండు వ్రేళ్ళు నేటికిని ముడువవు. ఆసుపత్రిలో నన్ను చూచి వాడన్నమాట: “నీ తప్పు కాదు ఉస్తాద్, పట్టు నేనే ఆలస్యంగ పట్టిన.” నేను ఏమనవలసినది? “అవును, కొంచెము ఆలస్యమైనది” అంటిని. అంతటితో ఆ సంగతి మూసివేసితిని.

ఇక క్రొత్త విద్య. నా మనుమడు మాదాపూరులో కంప్యూటరు ఉద్యోగము చేయుచు, సాయంకాలము నల్లగండ్ల దిక్కున ఒక మేడలో మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ నేర్చుచున్నాడు. ముష్టియుద్ధము, కాలితన్నులు, కుస్తీ, నేలమీది పట్లు – అన్నిటిని కలిపి ఆడు ఆట. ఎనిమిది కోణముల కంచెలో ఇద్దరిని విడుతురు. 1993 నవంబరు 12వ తేదీన అమెరికాలోని డెన్వరు నగరమున ఏ విద్యవారు గెలుతురో చూతమని ఇట్టి పోటీ నొకదానిని నడపిరి. రాయిస్ గ్రేసీ యను బ్రెజిల్ దేశపు బక్కపలుచని యువకుడు ఒక్క రాత్రిలో ముగ్గురిని ఓడించెను. ఆనాడు నియమములు అత్యల్పము. బరువు తరగతులు లేవు. తరువాత 2000, 2001 సంవత్సరములలో అమెరికాలో నియమములు ఏర్పడినవి: కన్ను పొడువరాదు, మర్మస్థానమున కొట్టరాదు, సమానమైన బరువుగలవారే పోరవలెను, సాధారణముగా ఐదు నిమిషముల చొప్పున మూడు ఆవృత్తములు. మధ్యవర్తియు, వైద్యుడును దగ్గఱ నుందురు.

దీనిని చూచి మా యూరి పెద్దలు క్రూరమనిరి. నేనును అంటిని. రక్తము కారుట నిజము. నా మనస్సునకు ఇప్పటికిని అది యింపు కాదు. కాని అందులో నొక చిన్న సంగతి నన్ను నిలిపినది. పట్టు బిగిసి తాళలేనివాడు ఎదుటివాని శరీరముపై చేతితో తట్టును. తట్టిన వెంటనే వదలవలెను. తట్టినవానికి అవమానము లేదు; తలవంచి నమస్కరించి మరల మొదలిడుదురు. ఈ తట్టుట యున్నది గనుకనే వారు పూర్తి బలముతో పట్టగలుగుచున్నారు, దినమునకు పదిమారులు ఓడగలుగుచున్నారు. మా తాలీములో సాము పట్లకు తట్టుట యనునది లేదు. కాబట్టి మేము ఓడలేదు; కాబట్టి నేర్చుకొననులేదు.

ఈ యెఱుక నిన్న మొన్నటిది కాదని తరువాత చదివి తెలిసికొంటిని. జపాను దేశమున కానో జిగోరో యను ఉపాధ్యాయుడు 1882లో జూడో విద్యను స్థాపించెను. పాత విద్యలలో ప్రాణాపాయమైన పట్లను వేఱుచేసి వానిని వరుసలుగా నేర్పుటకు మాత్రము ఉంచి, తక్కినవానిని లొంగుటకు ఇష్టపడని ప్రత్యర్థిపై పూర్తి బలముతో అభ్యసింపజేసెను. మేము ఘోరమైన పట్లు తెలిసినవారమని చెప్పుకొను పాతవారికంటె, సాధువైన పట్లను నిజముగా అభ్యసించిన ఆయన శిష్యులే మేలైరి. ఆ శిష్యపరంపరలోని మాయెదా యనువాడు 1914లో బ్రెజిల్ చేరి గ్రేసీ కుటుంబమువారికి నేర్పెను. డెన్వరులో గెలిచిన యువకుడు ఆ కుటుంబమువాడే.

ఇది పరదేశపు గొప్ప యనుకొనవలదు. మన గామా పహిల్వాను 1910 సెప్టెంబరులో లండను నగరమున పోలండు మల్లుడు జబిస్కోతో రెండున్నర గంటలకు పైగా పోరెను. ఆ మహాకాయుడు గామాకు వెఱచి బోర్లపడుకొని చాల సేపు లేవలేదు. వారము దినములకు తిరిగి రమ్మనిన రాలేదు. 1928లో పాటియాలాలో మరల కలిసినప్పుడు నిమిషము గడవకముందే గామా అతనిని పడవేసెను. గామా గోదాలో ప్రతిదినము నిజముగా పోరినవాడు. కుస్తీ మన పల్లెలలో సన్నగిల్లినను అబద్ధము కాలేదు. అందులకే కుస్తీ కుటుంబములో పెరిగిన రీతూ ఫోగట్ 2019లో ఈ క్రొత్త పోటీలలో అడుగిడగలిగినది. 2024 జూన్ మాసమున అమెరికాలో యు.ఎఫ్.సి. పోటీలో గెలిచిన మొదటి భారతీయురాలు పూజా తోమర్ కూడ వుషూ పోటీలలో నిజముగా దెబ్బలు తిని కొట్టివచ్చినదే. మన నిజామాబాదు బిడ్డ నిఖత్ జరీన్ 2022లోను, 2023లోను ముష్టియుద్ధమున ప్రపంచ విజేత యైనది గదా. ఆమెను ఊరేగింపు గెలిపింపలేదు.

దీనికి మాఱుగా చీనా దేశమున 2017లో జరిగినది వినుడు. చెంగ్డూ నగరమున తాయ్‌చీ గురువునని చెప్పుకొన్న యొకనితో షూ షియావోడాంగ్ యను కంచెపోరు వీరుడు తలపడెను. అర నిమిషము నిండకముందే గురువుగారు నేలపై నుండిరి. దానికి ఆ దేశమున కోపగించినవారు గెలిచినవానిపై కోపగించిరి. నేనును వారి స్థానమున నున్నచో అట్లే కోపగించియుందును.

ప్రదర్శనము తప్పని నేననుట లేదు. మన కోడి రామమూర్తి నాయుడుగారు విజయనగరమున సర్కసు నడపి, ఱొమ్ముపై ఏనుగును ఎక్కించుకొని, మోటారుకార్లను ఆపి దేశదేశముల కీర్తి గడించిరి. ఆయన సర్కసును సర్కసనియే పిలిచిరి. నేను నా సర్కసును ఆత్మరక్షణ మని పిలిచితిని.

ఒకనాడు మనుమడు నన్ను తన శిక్షణశాలకు తీసికొనిపోయెను. శిక్షకుడు వినయముగల చిన్నవాడు. నా కాళ్ళు మ్రొక్కి కుర్చీ వేసెను. “తాతా, ఆ కత్తిపట్టు ఒక్కసారి చూపియ్యరాదు?” అని మనుమడడిగెను. వారియొద్ద కొయ్యకత్తి యొకటి కలదు. దాని యంచునకు సుద్దముక్క రాచి నా ప్రస్తుత శిష్యునితో ఇట్లనిరి: “మేము ఎట్లు పొడుతుమో చెప్పము. నీవు పట్టుకొనుము. సుద్ద అంటినచోట కోసినట్లు లెక్క.” పదిమారులు చేసిరి. తొమ్మిదిమారులు నా శిష్యుని అరచేతులపైనను, ముంజేతులపైనను, రెండుమారులు మెడపైనను తెల్లని గీతలు పడినవి. కత్తి దొరికినది ఒక్కమారు. పిదప ఆ శిక్షకుడు తానే పట్టుటకు నిలిచెను. అతనికిని ఆఱు గీతలు పడినవి. “మా విద్యకును కత్తి లొంగదండీ. నేను పిల్లలకు మొదట చెప్పునది పరుగెత్తుడనియే” అనెను. నేను ఆ తెల్లని గీతలు చూచుచుంటిని. అవి నాకు సుద్దగా కనబడలేదు.

ఆ రాత్రి నిద్ర పట్టక, తెల్లవారిన పిమ్మట నా పాత శిష్యుని యింటికి పోయితిని. జరిగినది జరిగినట్లు చెప్పితిని. “నీవు ఆలస్యముగా పట్టలేదురా, అది దొరకు పట్టే కాదు. నేను దానిని ఎన్నడును పరీక్షింపక నీకు నేర్పితిని” అంటిని. వాడు చాలసేపు మాటాడలేదు. పిదప తన వ్రేళ్ళు చూచుకొని, “ఇన్నేండ్లు నాకు రాలేదనే అనుకున్న ఉస్తాద్” అనెను. అంతే. కోపించియుండిన నాకు మేలుగా నుండెడిది.

సామును విడిచిపెట్టుడని ఎవరైన తలంచినచో ఆ తరువాత జరిగినదియు వినవలెను. కంచెలో ఒకనికి ఒక్కడే, చేత నేమియు నుండదు, సమానమైన బరువు. చేను అట్టిది కాదు. రాత్రివేళ జొన్నచేనిలో అడవిపంది వచ్చినను, ఇద్దరు మీదికి వచ్చినను, డెబ్బది యేండ్లవానికి బరువు తరగతి ఎవరు చూతురు? దూది చుట్టిన కఱ్ఱలు చేయించి, తలకు శిరస్త్రాణములు పెట్టించి, చెరువుప్రక్క బయలులో మనుమని స్నేహితులను ఇద్దరిద్దరిగా నా శిష్యునిపైకి వదలితిని. నాలుగుమారులు వారు లోపలికి దూరి కాళ్ళు పట్టి పడవేసిరి. ఆఱుమారులు దరిజేరలేకపోయిరి. కాపాడినది చేతిలోని త్రిప్పుడు కాదు. ఆఱు మాసముల ఆ విసుగుపుట్టించు అడుగులు. కేకలు వేయించిన విన్యాసములలో సగము ఆ మొదటి దినముననే పనికిరానివని తేలినవి. శిక్షకుడు ఆ యడుగులను తన పిల్లలకు నేర్పుమని అడిగెను. వారమునకు రెండు దినములు పోవుచున్నాను. నా శిష్యులు అక్కడ కాళ్ళు పట్టనీయకుండ నిలుచుట నేర్చుచున్నారు. తట్టుటయు నేర్చుచున్నారు, అది అన్నిటికంటె కష్టముగా వచ్చినది.

ఈ దసరాకు ఊరేగింపులో కఱ్ఱలు ఎప్పటివలెనే త్రిప్పుదుము. అది ఆట యని ముందుగా చెప్పి త్రిప్పుదుము. కత్తిపట్టును తీసివేసితిమి. ఊరేగింపు ముగిసిన పిదప చెరువుప్రక్క బయలులో దూదికఱ్ఱలతో నిజమైన పోటీ యుండును. దెబ్బ తగిలినదా లేదా యని చెప్పుటకు ఒక మధ్యవర్తి కావలసి వచ్చెను. నా పాత శిష్యుని అడిగితిని. ఎడమచేత జెండా పట్టుకొందునని ఒప్పుకొనినాడు. కఱ్ఱల కొనలకు సుద్ద పూయవలెనని మాత్రము షరతు పెట్టినాడు.