విమాన ప్రయాణము - చెవుల బాధ

(సంఘ సమావేశమున ఒక వర్తక సభ్యుడు చేసిన ప్రసంగము)



మన పావగడ తాలూకా తెలుగు కుటుంబములకు పూర్వము దూరప్రయాణమనగా తిరుపతి యాత్రయే. 2008లో దేవనహళ్లి విమానాశ్రయము ఏర్పడిన పిదప, దూరదేశములనున్న బిడ్డలను చూచుటకు వృద్ధులు సైతము విమానమెక్కుచున్నారు. సంతోషమే. కాని చెవులు పగిలిపోవునంత నొప్పి కలిగినదని తిరిగివచ్చి చెప్పువారు పెక్కురు. కారణము తెలిసికొన్నచో ఈ బాధను చాలవరకు తప్పించుకొనవచ్చును.

తిరుమల ఘాటుదారిలో చెవులు మూసికొనుట మనకందరకు అనుభవమే. పైకి పోయినకొలది గాలి పలుచనగును. విమానము 35,000 అడుగుల ఎత్తున పోవుచున్నను, లోపలి గాలిని 6,000 మొదలు 8,000 అడుగుల ఎత్తుననుండు గాలితో సమానముగ యంత్రములచే నిలుపుదురు. ఆ ఏర్పాటు తప్పినచో ఏమగునో 2018 సెప్టెంబరు 20న తెలిసినది. ముంబయి నుండి జయపురమునకు బయలుదేరిన జెట్ ఎయిర్‌వేస్ విమానమున సిబ్బంది ఆ మీట వేయుట మరచిరి. 166 మంది ప్రయాణికులలో సుమారు 30 మందికి ముక్కునుండియు, కొందరికి చెవులనుండియు రక్తము కారినది. విమానము వెనుకకు మరలినది.

అట్టివి అరుదు. సాధారణముగ వచ్చు బాధ వేరు. కర్ణభేరికి లోపల గాలి నిండిన చిన్న గది కలదు. దానినుండి ముక్కు వెనుకకు సన్నని నాళము పోవును. విమానము ఎక్కునప్పుడు ఆ గాలి తనంతట వెలికి పోవును. దిగునప్పుడు నాళము తెరచుకొననిచో బయటి గాలి కర్ణభేరిని లోనికి నెట్టును. కావున దిగునప్పుడే నొప్పి అధికము. పైన మూత బిగించిన ఖాళీ నీటి సీసా నేలకు దిగుసరికి నొక్కుకొనిపోవుట చూడుడు. చెవిలో జరుగునదియు అదియే. నుదుటను, చెక్కిళ్లయందును గల సైనసులను గాలి గదులకును ఇదే గతి. జలుబు చేసినప్పుడు ఈ దారులు వాచి మూసికొనును.

కావున గట్టి జలుబున్నవారు వీలైనచో ప్రయాణము వాయిదా వేయవలెను. వీలు కానిచో ముందుగా వైద్యుని అడుగవలెను. ముక్కు చుక్కలు సైతము వారి సలహాపై వాడదగును. రక్తపుపోటు గలవారు ఆ సంగతి వారికి తప్పక చెప్పవలెను. నేల చేరుటకు అరగంట ముందునుండి నిద్రింపరాదు. బిళ్ల చప్పరించుచు గుటకలు వేయుడు, ఆవులింపుడు. ముక్కు, నోరు మూసి మెల్లగా గాలి నెట్టవచ్చును, బలముగా నెట్టరాదు. పసిబిడ్డలకు ఆ సమయమున పాలు పట్టవలెను. చెవిలో నూనె పోయరాదు. నొప్పి, చెవుడు రెండు దినములకు తగ్గకున్నను, చీము, రక్తము, తలతిరుగుట కనబడినను, తుమకూరులోగాని అనంతపురములోగాని చెవి వైద్యుని చూడవలెను.

మరియొక మనవి. విమానమున ప్రకటనలు సాధారణముగ ఇంగ్లీషు, హిందీలలో నుండును. మన పెద్దలలో పలువురకు అవి తెలియవు. అడుగుటకు సిగ్గుపడి బాధ సహించుచుందురు. "దిగుటకు ముందు నన్ను మేల్కొలుపుడు, నాకు చెవి నొప్పి వచ్చును" అని ఇంగ్లీషున ఒక చీటీ వ్రాసి వారి చేతికిచ్చుట చదువుకొన్న పిల్లల విధి. టిక్కెట్టుకు వేలు వెచ్చించు మనకు ఈ చీటీకి కాసైనను ఖర్చు లేదు.