కరెంటు తీగెల సంగీతం
(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కరువు భత్యం, మెడికల్ బిల్లుల సంగతి కార్యదర్శిగారు చెప్పేశారు. ఏదైనా మనసుకు నచ్చిన విషయం మీద పది నిమిషాలు మాట్లాడమని నన్ను ఆదేశించారు. నా మనసుకు నచ్చింది ఎలక్ట్రిక్ గిటారు. నవ్వుతున్నారు. ఆఫీసులో కూడా నవ్వేవారు. ధర్పల్లి పసుపు చేను పక్కన పుట్టినవాడికి ఈ పిచ్చి ఎక్కడిదని అడిగేవారు.

1975లో నేను నిజామాబాదులో ఎల్.డి.సి.గా చేరాను. నా గదిలో ఉండే మిత్రుడు సికింద్రాబాదువాడు. వాడి దగ్గర రికార్డు ప్లేయరు ఉండేది. మొదట వినిపించింది డీప్ పర్పుల్ వారి 'మెషీన్ హెడ్' అనే 1972 నాటి రికార్డు. మొదటి పది నిమిషాలు నాకు తలనొప్పి తప్ప ఏమీ తెలియలేదు. 'స్మోక్ ఆన్ ద వాటర్' పాట వచ్చాక మిత్రుడు దాని కథ చెప్పాడు. 1971 డిసెంబరులో వాళ్లు రికార్డింగు కోసం స్విట్జర్లాండులోని మాంత్రో ఊరికి వెళ్లారు. అక్కడ వేరే వారి కచేరీ జరుగుతుండగా ఎవడో తారాజువ్వ లాంటిది పేల్చాడు. హాలంతా కాలిపోయింది. సరస్సు మీద కమ్మిన ఆ పొగ గురించే పాట. ఎవరు వచ్చారు, ఏం జరిగింది, తర్వాత ఎక్కడికి పోయారు, అన్నీ వరుసగా ఉంటాయి. గుమాస్తాను కదా, ఇది పంచనామా అనిపించింది నాకు. అప్పటి నుంచి ఇష్టం కలిగింది.

ఆ తర్వాత జాన్ మెక్‌లాఫ్లిన్ గిటారు విన్నాను. 1973లో వచ్చిన 'బర్డ్స్ ఆఫ్ ఫైర్' రికార్డులో ఆయన వేగం చూస్తే భయం వేస్తుంది. అదే మనిషి రెండేళ్లకు మన వయొలిన్ శంకర్‌తో, ఘటం వినాయక్‌రామ్‌తో, తబలా జాకిర్ హుస్సేన్‌తో కలిసి 'శక్తి' బృందం పెట్టాడు. మన గమకాలు పలకాలని గిటారు మెట్ల మధ్య కొయ్యను గుంటలుగా చెక్కించుకున్నాడు. వీణలో తీగెను మెట్టు మీద పక్కకు లాగి స్వరం పెంచుతారు కదా, గిటారు మీద ఆ లాగుడు సుఖంగా సాగడానికి ఈ ఏర్పాటు.

ఇంతకీ మీకు చెప్పదలచింది మన పాలకొల్లు కుర్రవాడి సంగతి. మాండలిన్ శ్రీనివాస్, 1969లో పుట్టాడు. తండ్రి సత్యనారాయణగారి మాండలిన్ ఆరేళ్లకే చేతబట్టాడు. గురువు రుద్రరాజు సుబ్బరాజుగారు చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యులు. ఆయనకు మాండలిన్ రాదు. ఆయన పాడేవారు, పిల్లవాడు అది విని తీగె మీద పలికించేవాడు. 1978లో గుడివాడలో తొలి కచేరీ చేసేనాటికి వయసు తొమ్మిదేళ్లు.

మాండలిన్‌కు ఎనిమిది తీగెలు, జంటలు జంటలుగా నాలుగు వరుసలు. మీటగానే శబ్దం చచ్చిపోతుంది. అందుకే పాత సినిమా పాటల్లో గబగబా మీటుతూనే ఉంటారు. జంట తీగెను లాగి గమకం పలికించడమూ కష్టమే. శ్రీనివాస్ ఐదు ఒంటి తీగెల ఎలక్ట్రిక్ మాండలిన్ పట్టాడు. కరెంటు పుణ్యమా అని ఒక్క మీటుకు నాదం నిలుస్తుంది. ఆ నిలిచినంతసేపూ ఎడమచేతి వేళ్లతో రాగం నడపవచ్చు. ఏ కరెంటును మనం లొల్లి అని తిట్టుకున్నామో, దానితోనే త్యాగరాజ కీర్తన నిమ్మళంగా పలికింది! 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవంలో వాయించాడు. పధ్నాలుగేళ్లు. తర్వాత మెక్‌లాఫ్లిన్ 'రిమెంబర్ శక్తి' అని మళ్లీ కట్టిన బృందంలో చేరి పక్కన కూర్చున్నది మన శ్రీనివాసే. 2001లో వచ్చిన 'సాటర్డే నైట్ ఇన్ బాంబే' వినండి. గిటారు ఒక మాట అంటే మాండలిన్ నవ్వుతూ జవాబు చెబుతుంది.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. చెప్పకుండా దిగిపోదామనే అనుకున్నాను.

1996లో మా అబ్బాయి ఇంటర్ రెండో సంవత్సరం. చిన్నపిల్లలకు ట్యూషన్లు చెప్పి కూడబెట్టి గిటారు కొన్నాడు. పరీక్షలు దగ్గరపడ్డాయి. నేను మందలించాను. "బాపూ, నువ్వు వింటవు గద, నేను వాయిస్తే తప్పా?" అన్నాడు. వినడం వేరు, వాయించడం వేరు, సీటు రాకపోతే నీ గిటారు తిండి పెడుతదా అన్నాను. వాడు కాలేజీకి పోయిన పూట పెళ్లిబ్యాండు వాళ్లకు అమ్మేశాను. నా క్యాసెట్లు మాత్రం బీరువాలో భద్రంగానే ఉన్నాయి. వాడు సాయంత్రం వచ్చి మూల చూశాడు, నన్ను చూశాడు, ఏమీ అనలేదు. వాళ్లమ్మ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. సీటు వచ్చింది, ఉద్యోగం వచ్చింది.

2014 సెప్టెంబరు 19న శ్రీనివాస్ చెన్నైలో పోయాడు. నలభై ఐదేళ్లే. ఆ రాత్రి మా అబ్బాయి ఫోన్ చేశాడు. "బాపూ, టీవీ చూసినవా?" చూసిన అన్నాను. కాసేపు ఇద్దరం మాట్లాడలేదు. తర్వాత అడిగాడు, "నా గిటారు ఎంతకు అమ్మినవు?" పద్దెనిమిదేళ్లకు అడిగాడు ఆ ప్రశ్న. తొమ్మిది వందలకు అన్నాను. "నేను పదమూడు వందలకు కొన్న" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. కొత్తది కొనుక్కో, డబ్బు నేను పంపుతా అన్నాను. "ఇప్పుడు వేళ్లు వంగవు బాపూ" అన్నాడు. అప్పటికి వాడికి ముప్పై ఐదు.

మీ ఇళ్లలో మనవలు, మనవరాళ్లు గిటార్లు పట్టుకుని ఉంటారు. నిన్న మా వీధిలోనే ఒక పిల్ల వాయిస్తుంటే తాతగారు తలుపు వేయించారు. ఆ తాతగారు ఈ సభలోనే ఉన్నారు, పేరు చెప్పను.

అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు. ఫోనులో శ్రీనివాస్ వాయించిన 'రఘువంశ సుధా' పెట్టుకుని వచ్చాను. పట్నం సుబ్రహ్మణ్య అయ్యరు కృతి, కదనకుతూహల రాగం. స్వరాలు గెంతుతూ పోతుంటే ఇంగ్లీషు బ్యాండు గుర్తొస్తుంది. మైకు అబ్బాయికి సౌండు కొంచెం ఎక్కువే పెట్టమని చెప్పాను, నా ఎడమ చెవి ఈమధ్య పని చేయడం లేదు. భోజనాలు చల్లారిపోతాయనుకునేవారు ముందుగా లేవవచ్చు, నేనేమీ అనుకోను. ఆ తాతగారిని మాత్రం కూర్చోమని మనవి.